దగ్గుకు సందర్భసహిత వ్యాఖ్య



తెలుగు ప్రశ్నపత్రంలో సందర్భసహిత వ్యాఖ్య అనే ప్రశ్న మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాఠంలోనుండి ఒక వాక్యం తీసి ఇస్తారు. అది ఏ పాఠంలోనిది, ఎవరు ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, దాని భావమేమి అన్నవి వరుసగా వ్రాయాలి. వాక్యాన్ని మాత్రమే చూసి అర్థం చెప్పబోయిన పిల్లవాడికి మార్కులు రావు. ‘వస్తాను’ అని గడపలో నిలబడి అంటే వెళ్ళిపోతున్నానని అర్థం. అదే మాట ఉత్తరంలో వ్రాస్తే రాబోతున్నానని అర్థం. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ప్రశ్నకు జవాబులు దిద్దిన నాకు, దగ్గు కూడా అటువంటి వాక్యమేనని పదవీ విరమణ చేసిన తరువాత, మా మేనల్లుని పుణ్యమా అని బోధపడింది.

మావాడికి ఇరవైతొమ్మిదేళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం. సెలవులకు వచ్చి, స్నేహితులతో కలిసి రెండు రోజులు మన తీరంలోనే ఒకచోట సిలిండరు కట్టుకొని సముద్రంలో మునిగి, అడుగున ఉన్న రాళ్ళనూ చేపలనూ చూసి వచ్చాడు. మొదటి రోజు సాయంత్రం మొదలైన దగ్గు మూడు వారాలైనా వదలలేదు. ఆ మూడు వారాలలో ఇంట జరిగినదీ, చివరకు విజయనగరంలో ఒక ఛాతీ వైద్యురాలి ఎదుట విన్నదీ, ఆ పిదప కుతూహలం కొద్దీ చదివి తెలుసుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను. తెలుగు పండితుణ్ణి కనుక చికిత్స చెప్పే అధికారం నాకు లేదు. ఆ దగ్గును ఎలా చదవాలో మాత్రం చెప్పగలను.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. విజయనగరం జిల్లాకు ఉన్నది 28 కిలోమీటర్లే. ఈ తీరం పొడుగునా మనం తరతరాలుగా ఎరిగినవి తెప్పలు, వలలు, దీపస్తంభాలు, పర్వదినాల సముద్రస్నానాలు. నీటి క్రింద ఏమున్నదో చూడవలెనన్న వేడుక మాత్రం ఇటీవలిది. సోంపేట మండలం బారువ దగ్గర ఎస్.ఎస్. చిల్కా అనే పాత పొగఓడ శిథిలం నీటి అడుగున ఉంది. పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర కూడా ఒక ఓడ శిథిలం ఉంది. పక్కనే విశాఖలో ఈ విద్య నేర్పేవారున్నారు. కాబట్టి మన ఇళ్ళలోని పిల్లలు ఇకముందు కూడా మునుగుతారు. అందులో కొందరు దగ్గుతూ ఇంటికి వస్తారు. అందుకే ఈ సంగతి పదిమందికీ తెలియడం మంచిదనిపించింది.

ఆ పరికరానికి స్కూబా అని పేరు. అది ఆంగ్లంలో కొన్ని మాటల తొలి అక్షరాల కూర్పు. నీటిలో తన గాలిని తానే వెంట తీసుకొనిపోయే శ్వాసయంత్రమని దాని తాత్పర్యం. అవసరమైనప్పుడు అవసరమైనంత గాలిని నోటికి అందించే నేటి పద్ధతికి 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు రూపమిచ్చారు. దీనికి చక్కని తెలుగు మాట మీలో ఎవరైనా పుట్టిస్తే సంతోషిస్తాను. మన దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాగినప్పుడు ఆయనకు సిలిండరు అవసరం కాలేదు. పైకి వచ్చాక దగ్గినట్లు కూడా వ్యాసులవారు సెలవియ్యలేదు. మనబోటివారికి ఆ సౌకర్యం లేదు కదా!

ఇక ఇంటి సంగతి. మొదటి నాలుగు రోజులూ ఎవరూ పట్టించుకోలేదు. “ఉప్పునీళ్ళు తాగీశాడు అన్నయ్యా, అదే తగ్గిపోద్ది” అన్నది మా చెల్లెలు. మిరియాల కషాయం, శొంఠి, పసుపు కలిపిన పాలు వరుసగా నడిచాయి. వారం గడిచాక దగ్గరలో ఉన్న డాక్టరు వద్దకు వెళ్ళారు. ఆయన జలుబు చేసిందనుకొని సిరప్పు, ఐదు రోజులకు మాత్రలు వ్రాశారు. సముద్రంలో మునిగిన మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవద్దన్నది మా చెల్లెలే. బొబ్బిలి వైపునుంచి ఒక పెళ్ళి సంబంధం మాటల్లో ఉంది. పిల్లవాడు ప్రాణాలకు తెగించి సముద్రంలో దూకుతాడన్న మాట ఊళ్ళో పాకి వాళ్ళ చెవిని పడుతుందని ఆమె భయం.

మూడో వారానికి ఆ భయం కింద ఉన్న మరో భయం బయటపడింది. మా పెదనాన్నగారు నడివయసులో క్షయతో పోయారు. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ ఉచ్చరించరు, ‘ఆ జబ్బు’ అంటారు. రాత్రి రెండు మూడు గంటల వేళ మేనల్లుడు లేచి కూర్చొని దగ్గుతుంటే, వాణ్ణి వీధి గదిలోనుంచి పెరటి గదిలోకి మార్చారు. గళ్ళ పరీక్ష చేయిద్దామని నేనంటే చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. “ఆస్పత్రిలో మనల్ని ఎరిగినోళ్ళు లేరేటి అన్నయ్యా? ఒకసారి ఆ పేరు అంటుకుంటే మరి పోద్దా?” అన్నది. ఆమె భయాన్ని నేను చులకన చేయలేను. ఒక తరం క్రితం ఆ పేరు అంటుకొన్న ఇళ్ళకు జరిగినదేమిటో నేనూ చూశాను.

మన ప్రాచీన వైద్యులు దగ్గును కాసమన్నారు. చరకసంహితలో అది ఐదు విధాలు: వాతజం, పిత్తజం, కఫజం, క్షతజం, క్షయజం. లోపల గాయపడినందువల్ల పుట్టేది క్షతజం. శరీరధాతువులు క్షీణించగా పుట్టేది క్షయజం. నేటి శాస్త్రం ఆ విభజనను అలాగే ఒప్పుకోకపోవచ్చు. కాని దగ్గు ఒకటే అయినా దాని వెనుక కారణాలు వేరువేరని వారు ఏనాడో గుర్తించారు. మా ఇంట్లో మాత్రం ఆ మూడు వారాలూ రెండే రకాలున్నాయి. ఒకటి ఉప్పునీళ్ళ దగ్గు, రెండవది ఆ జబ్బు దగ్గు. మొదటిదైతే ఏమీ చేయనక్కరలేదు, రెండవదైతే ఏమీ చేయడానికి లేదు అన్నట్లుండేది ఇంటి వాతావరణం.

చివరకు నేనే వాణ్ణి విజయనగరం తీసికొని వెళ్ళాను. ఆ వైద్యురాలు ఏం పని చేస్తావు, సిగరెట్టు కాలుస్తావా అని అడిగి, ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళావా అన్నారు. వాడు నా వైపు చూశాడు. చెప్పమన్నాను. సిలిండరు, సముద్రం అనగానే ఆమె అప్పటిదాకా వ్రాస్తున్న చీటీ పక్కకు నెట్టి, “మొదటినుంచి చెప్పు బాబూ. నీళ్ళలో ఉండగానే దగ్గు వచ్చిందా, పైకి వస్తూంటేనా, ఇంటికొచ్చాకనా?” అని మొదలుపెట్టారు. తరువాతి పావుగంటా ప్రశ్నలే. ఎవరితో, ఎప్పుడు, ఏ సందర్భంలో! ఒక్కొక్క ప్రశ్న వెనుక ఒక్కొక్క జబ్బు ఉన్నదని నాకు తరువాత తెలిసింది. వాటిని కాలక్రమంలో చెబుతాను.

మొదటిది, నీటిలో ఉండగానే మొదలయ్యే దగ్గు. మనిషి మెడలోతు నీటిలోకి దిగగానే నీటి ఒత్తిడి కాళ్ళలోని రక్తాన్ని ఛాతీవైపు నెడుతుంది. అర లీటరుకు పైగా రక్తం అలా పైకి చేరుతుంది. నీరు చల్లనిదైతే చర్మంలోని నాళాలు ముడుచుకొని ఆ భారం ఇంకా పెరుగుతుంది. కొందరిలో రక్తంలోని ద్రవం సన్నని నాళాల గోడలు దాటి ఊపిరితిత్తుల వాయుకోశాలలోకి ఊరుతుంది. సముద్రపు నీరు ఒక్క చుక్క లోపలికి పోకపోయినా మనిషి తన నీటిలో తానే మునిగినట్లవుతాడన్నమాట. ఆయాసం, దగ్గు, నురుగుతో గులాబీ రంగు కఫం దీని గుర్తులు. స్కూబా ఈతగాళ్ళలో ఈ స్థితిని 1989లో బ్రిటన్ వైద్యులు వివరంగా ప్రకటించారు. రక్తపోటు ఉన్నవారికి, వయసు మళ్ళినవారికి ముప్పు ఎక్కువ. ఒడ్డుకు చేరి ఆక్సిజన్ అందితే చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకొంటారు. నీటిలోనే ఉండిపోతే ప్రాణాంతకం. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రావచ్చు కనుక, తగ్గిపోయిందని ఊరుకోక గుండె పరీక్షలు చేయించుకోవాలి.

రెండవది, పైకి వస్తూండగా గాని వచ్చిన నిమిషాలలో గాని మొదలయ్యేది. దీనిని అర్థం చేసుకోవడానికి నాకు పుస్తకాలకన్నా చింతపల్లి వైపు ఎరిగిన ఒక ముసలి జాలరి మాట ఎక్కువ ఉపయోగపడింది. రాతికి చిక్కుకొన్న వలను విడిపించడానికి ఒట్టి ఊపిరితో మునిగిన మనిషి ఆయన. “మేం ఊపిరి బిగబట్టి దిగుతాం మాస్టారూ, ఆ ఊపిరితోనే పైకొచ్చెస్తాం. ఈ గుంటలు గాలి కొనుక్కుని ఎల్లి అక్కడ పీలుస్తన్నారు” అన్నాడు. తేడా అంతా అందులోనే ఉంది. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు, ఇరవై మీటర్ల లోతున మూడింతలు. ఒత్తిడి రెండింతలైతే గాలి సగానికి కుంచించుకుపోతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే సూత్రీకరించాడు. జాలరి ఒడ్డున పీల్చిన గాలి అడుగున కుంచించుకొని, పైకి వచ్చేసరికి మళ్ళీ మొదటి కొలతకే వస్తుంది. సిలిండరువాడు పది మీటర్ల అడుగున నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. అది బయటికి పోయే దారి ఇవ్వకుండా ఊపిరి బిగబడితే వాయుకోశాలు చిట్లుతాయి.

యోగాభ్యాసం చేసేవారికి పూరకం, కుంభకం, రేచకం అని మూడూ తెలుసు. స్కూబాలో కుంభకం నిషిద్ధం. ఎప్పుడూ శ్వాస ఆడుతూనే ఉండాలన్నది ఆ విద్యలో మొదటి పాఠం. ఒకటిన్నర మీటరు లోతునుండి ఊపిరి బిగబట్టి లేచినా గాయం కావచ్చు కనుక లోతు తక్కువలే అని తేలికగా తీసుకోరాదు. ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, గొంతు మారడం, మెడ చర్మం నొక్కితే కరకరమనడం దీని గుర్తులు. చిట్లిన చోటునుండి గాలిబుడగలు రక్తంలో పడి మెదడుకు చేరితే నిమిషాలలో మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది, పక్షవాతపు లక్షణాలు కనిపిస్తాయి. చరకుడు ఊహించని సందర్భమే అయినా, ఇది క్షతజమే అనిపించింది నాకు.

మూడవది, కొన్ని గంటలలో బయటపడేది. ఇందులో రెండున్నాయి. ఒకటి తేలిక, మరొకటి ప్రమాదం. నోటిలో పెట్టుకొనే రెగ్యులేటరు సరిగా బిగియకపోయినా, దానిలోని రబ్బరు పొర చిరిగినా, ప్రతి శ్వాసతోనూ ఉప్పునీరు సన్నని తుంపరగా లోపలికి పోతుంది. మునిగేవానికి నీరు తాగినట్లే తెలియదు. కొన్ని గంటలకు దగ్గు, చలి, వణుకు, ఒళ్ళునొప్పులు, కొద్దిగా జ్వరం వస్తాయి. చూసేవారికి అచ్చం ఫ్లూ జ్వరమే. ఆస్ట్రేలియా నౌకాదళపు ఈతగాళ్ళలో దీనిని గమనించి కార్ల్ ఎడ్మండ్స్ అనే వైద్యుడు 1970లో ప్రకటించాడు. సామాన్యంగా ఒక రోజులో తగ్గుతుంది. మా చెల్లెలు అన్న ‘ఉప్పునీళ్ళ దగ్గు’ నిజంగా ఉన్నదే. అయితే దాని ఆయుర్దాయం మూడు వారాలు కాదు.

రెండవది నైట్రోజన్ బుడగల వల్ల వచ్చేది. లోతున ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. త్వరగా పైకి వస్తే, సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలు లేస్తాయి. నైట్రోజన్ బుడగలే దీనికి మూలమని ఫ్రాన్సులో పాల్ బేర్ 1878లో నిరూపించాడు. ఎంత మెల్లగా పైకి రావాలో చెప్పే పట్టికలను మేకలపై ప్రయోగాలు చేసి జె.ఎస్. హాల్డేన్ 1908లో ప్రకటించాడు. ఈ బుడగలు ఎక్కువై ఊపిరితిత్తుల నాళాలలో చేరితే దగ్గు, ఛాతీలో మంట, ఆయాసం వస్తాయి. ఇది అరుదు. కాని వస్తే క్షణం ఆలస్యం పనికిరాదు. ఆక్సిజన్ పెట్టి, ఒత్తిడిని కృత్రిమంగా పెంచే ప్రత్యేకమైన గదిలో చికిత్స చేయాలి. మునిగిన వెంటనే విమానం ఎక్కవద్దనడం కూడా ఈ బుడగల వల్లనే. ఒక్కసారే మునిగితే కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు మునిగితే కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచిస్తుంది. సెలవు అయిపోయిందని పరుగున విమానం అందుకొనే మన ఉద్యోగస్థులు ఇది గుర్తుంచుకోవాలి.

నాలుగవది, రోజులు గడిచాక కనిపించేది. జలుబుతోనే మునిగితే ముక్కు పక్కనున్న సైనస్ గదులలో ఒత్తిడి సమం కాక లోపలి పొర గాయపడుతుంది. మాస్కులో కాస్త రక్తం కనబడుతుంది. ఆ తరువాత అక్కడి స్రావం గొంతు వెనుకకు జారుతూ, పడుకోగానే దగ్గు తెప్పిస్తుంది. రక్తం ముక్కునుండి జారినదా, ఊపిరితిత్తులనుండి వచ్చినదా అన్నది వైద్యులు జాగ్రత్తగా తేల్చవలసిన ప్రశ్న. ఇక నీరు లోపలికి పోయినచోట సూక్ష్మజీవులు చేరితే న్యుమోనియా రావచ్చు. శుభ్రం చేయక తడిగా ఉంచిన రెగ్యులేటరులో బూజు పెరిగినా ఊపిరితిత్తులకు మంచిది కాదు. సిలిండరులో గాలి నింపే యంత్రం సరిగా లేకపోతే నూనె ఆవిరి, పొగ కలిసిన గాలి లోపలికి పోతుంది. “నీతో దిగినవాళ్ళలో ఇంకెవరికైనా దగ్గు వచ్చిందా?” అని వైద్యురాలు అడిగినది అందుకే. మావాడి మిత్రులు ముగ్గురూ కులాసాగా ఉన్నారు.

ఐదవది, వారాల తరబడి వదలనిది. ఇక్కడికి వచ్చేసరికి సముద్రం చాలాసార్లు నిమిత్తమాత్రం. లోపల ముందునుంచీ ఉన్నదేదో మేలుకొని ఉంటుంది. పులితేన్పులవాళ్ళకు కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్ని దగ్గు రావచ్చు. తల క్రిందకు పెట్టి ఈదడం దానికి దోహదం. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి కొన్ని రక్తపోటు మాత్రలు పొడిదగ్గు తెప్పిస్తాయి. అది మునగడం వల్ల వచ్చిందని పొరబడవచ్చు. మన దేశంలో రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా క్షయ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమపు నియమం. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ పరీక్షకూ మందులకూ డబ్బు తీసుకోరు. చాలామందికి ఆరు నెలలు విడవకుండా మందు వాడితే నయమైపోతుంది. సముద్రంలో మునిగాడు కదా అని ఆ పరీక్ష మానరాదు, ఆ పరీక్ష చేస్తున్నాం కదా అని సముద్రం మాట దాచరాదు.

ఈ ఐదవ వరుసలోనే మావాడి కథ తేలింది. అన్నీ విన్న తరువాత ఆమె, “చిన్నప్పుడు ఆయాసం వచ్చేదా? ఛాతీలో పిల్లికూతలు?” అని అడిగారు. వాడు తల వంచుకొన్నాడు. పదేళ్ళ వయసు దాకా శీతకాలం వస్తే వాడి ఛాతీలో పిల్లికూతలు మా వీధంతటికీ తెలుసు. తరువాత తగ్గిపోయింది, మేమంతా మరిచిపోయాం. మునిగే ముందు ఇచ్చిన కాగితంలో ఉబ్బసం ఎప్పుడైనా ఉండేదా అని ఒక ప్రశ్న ఉందట. “అవునని పెడితే దిగనివ్వరేమోనని లేదని పెట్టేశాను మావయ్యా” అన్నాడు. స్నేహితులంతా దిగుతుంటే తాను ఒడ్డున కూర్చోవడం నామోషీ అనిపించిందట.

సిలిండరులోని గాలిలో తేమ దాదాపు ఉండదు. ఉంటే లోహం తుప్పు పడుతుంది, కవాటాలు చెడతాయి కనుక ఆరబెట్టి నింపుతారు. పైగా ఒత్తిడినుండి విడుదలై వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. మామూలుగా గాలిని వెచ్చబరచి తడిపే పని ముక్కుది. ఇక్కడ ముక్కు మాస్కులో మూసుకొని ఉంటుంది, శ్వాస అంతా నోటితోనే. ఆ పొడిగాలికి శ్వాసనాళాలు ఎండుతాయి. ఆరోగ్యవంతునికి గొంతు గరగరతో సరిపోతుంది. ఉబ్బసం గలవానికి నాళాలు బిగుసుకొంటాయి. దీనికి ఉప్పు తుంపర తోడు. రక్తంతో సమానమైన ఉప్పునీరు నూటికి 0.9 పాళ్ళు అయితే, సముద్రజలంలో ఉప్పు సుమారు మూడున్నర పాళ్ళు. శ్వాసనాళాలు అతిగా స్పందిస్తాయేమో చూడటానికి ఆస్ట్రేలియాలో మునిగేవారిచేత నాలుగున్నర పాళ్ళ ఉప్పునీటి తుంపరను పీల్పించి పరీక్షించేవారట. మావాడు ఆ పరీక్షను రెండు రోజులు సముద్రంలోనే వ్రాసి వచ్చాడన్నమాట.

ఉబ్బసమని ఆమె అనుమానించారే గాని అంతటితో ఆగలేదు. ఎక్స్‌రే తీయించారు, గళ్ళ పరీక్షకు పంపారు. ఒక యంత్రంలోకి బలంగా ఊదించి, పీల్చే మందు ఇచ్చి, కొంతసేపటికి మళ్ళీ ఊదించారు. గళ్ళ పరీక్ష ఫలితం వచ్చేదాకా మా చెల్లెలు ఎవరితోనూ మాట్లాడలేదు. దేవుడి గదిలో దీపం కొండెక్కకుండా చూసుకొంటూ కూర్చొన్నది. ఫలితంలో ఏమీ లేదు. ఎక్స్‌రే నిర్మలంగా ఉంది. ఊదిన పరీక్షలో మాత్రం మందుకు ముందు ఉన్న అడ్డు మందుకు తరువాత చాలావరకు తొలగింది. శ్వాసనాళాల వాపు తగ్గించే ఇన్‌హేలరు వ్రాసి ఇచ్చారు. పది పన్నెండు రోజుల్లో రాత్రి దగ్గు ఆగింది. నెలకు వాడు పూర్తిగా తేరుకొన్నాడు.

ఇన్‌హేలరు చూసి చెల్లెలికి మళ్ళీ దిగులు పట్టుకొంది. ఇది అలవాటైపోద్దా, పెళ్ళివారికి ఏమని చెప్పాలి అని. నేను చెప్పవలసినది చెబుదామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. చివరకు మేనల్లుడే ఆ అమ్మాయితో ఫోనులో చెప్పేశాడు, సముద్రం సంగతీ, కాగితం మీద అబద్ధం పెట్టిన సంగతీ కలిపి. “మా నాన్నకీ ఉంది. మీరు ఏది పీలుస్తున్నారు?” అని అడిగిందట ఆ పిల్ల. మాటలు ఇంకా నడుస్తున్నాయి. కట్నకానుకల దగ్గర ఆగాయి గాని దగ్గు దగ్గర ఆగలేదు.

మళ్ళీ మునగవచ్చునా అని వాడు అడిగాడు. వయసు! కొన్ని నెలలు మందు సక్రమంగా వాడి, ఊదే పరీక్ష మామూలుగా ఉండి, పరుగెత్తినా పిల్లికూతలు రాకుండా ఉంటే అప్పుడు ఈ విద్య ఎరిగిన వైద్యుని అభిప్రాయం తీసుకొమ్మన్నారు. ఉబ్బసం గలవారంతా శాశ్వతంగా అనర్హులన్న పాత నియమం ఇప్పుడు సడలిందట. అయితే నాళాలు బిగుసుకొని ఉండగా దిగితే, లోపల చిక్కుకొన్న గాలి పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించి గాయం చేయగలదు. కనుక ఆ కాగితం మీది ప్రశ్నకు నిజం వ్రాయడం ఒడ్డున కూర్చోబెట్టడానికి కాదు, ప్రాణంతో ఒడ్డుకు చేర్చడానికి.

మిత్రులారా, మీ ఇంట ఎవరైనా మునిగి వచ్చి దగ్గుతుంటే వైద్యునికి ఇవన్నీ అడగకముందే చెప్పండి. ఎన్ని మీటర్లు దిగారు, ఎన్నిసార్లు, పైకి ఎంత వేగంగా వచ్చారు, ఊపిరి బిగబట్టారా, నోట్లోకి నీరు వచ్చిందా, దగ్గు ఏ గంటకు మొదలైంది, కఫం రంగేమిటి, జ్వరం ఉందా, తోటివారు ఎలా ఉన్నారు, చిన్ననాటి ఆయాసం, ఇప్పుడు వాడే మాత్రలు. రక్తం, గులాబీ నురుగు, ఛాతీ నొప్పి, ఆయాసం, గొంతు మారడం, తిమ్మిరి, మాట తడబాటు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఏ ప్రమాద లక్షణమూ లేకపోయినా, రెండు వారాలు దాటితే గళ్ళ పరీక్షకు సిగ్గుపడవద్దు.

మా చెల్లెలు ఇప్పుడు ఈ కథ ఇంటికి వచ్చినవారందరికీ తానే చెబుతున్నది. మొన్న ఎదురింటావిడ మనుమడు భీమిలి వెళ్ళి ఈత కొట్టి వచ్చి తుమ్ముతున్నాడంటే, “ములిగాడా, ఒట్టినే ఆడాడా? డాక్టరుకి అది ముందు చెప్పాల” అని గద్దించి పంపింది.